సూర్యుని ఊరినుంచి చలి ఊరికి



హైదరాబాదునుంచి విజయవాడకు బస్సులో వెళ్ళినవారు మీలో చాలామంది ఉంటారు. ఆ దారిలో సగం దూరం వెళ్ళేసరికి సూర్యాపేట వస్తుంది. ఈ ఊరికి భానుపురి అని ఇంకొక పేరు కూడా ఉన్నది. భానుడన్నా సూర్యుడే. అంటే, ఎట్లా పిలిచినా ఇది సూర్యుని ఊరే అన్నమాట! ఊరికి దగ్గరలోనే పిల్లలమర్రి అనే గ్రామం ఉన్నది. అక్కడ కాకతీయుల కాలంనాటి ఎరకేశ్వరాలయమూ, నామేశ్వరాలయమూ ఉన్నవి. అటువైపు వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

సూర్యాపేటనుంచి విజయవాడ వైపు సుమారు నలభై అయిదు కిలోమీటర్లు వెళితే కోదాడ. సూర్యాపేటనుంచి దక్షిణంగా దాదాపు అంతే దూరం వెళితే మిర్యాలగూడ. మీ పటంలో ఈ మూడు ఊళ్ళనూ పెన్సిలుతో కలిపి చూడండి, చక్కని త్రిభుజం వస్తుంది. నేను ఉపాధ్యాయుడుగా పనిచేసిన కాలమంతా ఈ త్రిభుజంలోనే గడిచింది. ఒక మూల చేరాను, ఇంకొక మూలకు బదిలీ అయ్యాను, మూడవ మూల ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేశాను.

ఈ మూడూ ఎండల ఊళ్ళు. మే నెలలో ఒక్కొక్కనాడు నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. అయితే నీళ్ళకు కొరత లేదు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నీళ్ళు 1967 ఆగస్టులో కాలువలలోకి వచ్చాయి. ఎడమ కాలువ పారిన తరువాత మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరిపొలాలతో నిండిపోయాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరని పేరు తెచ్చుకొన్నది.

ఇట్లాంటి ఎండల దేశపువాళ్ళం ఒకనాడు లారీనిండా ఉన్నిబట్టలు నింపుకొని కొండలమీదికి బయలుదేరామంటే మీకు నవ్వు రావచ్చు. మొదట నాకూ వచ్చింది.

అది 2022 నవంబరు. కోదాడలో నా దగ్గర చదువుకొన్న ఒకతను ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. ఒక సాయంత్రం దారిలో మా ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ, "సార్, మొన్న లోడు తీసుకొని చింతపల్లి పోయిన. తెల్లవారుజామున లంబసింగి దగ్గర బండి ఆపిన. ఎదురుగా ఉన్న చెట్టు కనిపిస్తలేదు సార్, అంత మంచు. ఆ మంచులనుంచి పిల్లలు బడికి వస్తున్నరు. ఒంటిమీద చొక్కా తప్ప ఏం లేదు. చేతులు చంకల్ల పెట్టుకొని, పళ్ళు పటపట కొట్టుకుంటా నడుస్తున్నరు. నేను స్వెట్టరేసుకొని క్యాబినులో కూర్చున్న. సిగ్గేసింది సార్," అన్నాడు.

బడిలో వాడు ఎక్కాలు ఎన్నడూ సరిగా అప్పగించలేదు. కాని ఆ సాయంత్రం వాడు చెప్పిన పాఠం నాకు బాగా తలకెక్కింది.

లంబసింగి ఎక్కడున్నదో తెలుసునా? తూర్పుకనుమలలో, చింతపల్లి మండలంలో ఉన్నది. మొన్నటిదాకా అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, అందులో చేరింది. సముద్రమట్టానికి సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక్కొక్కరాత్రి సున్నాకు దగ్గరగా దిగుతుంది. ఆంధ్రా కాశ్మీరమని యాత్రికులు పిలుస్తారు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకొక పేరు. రాత్రి ఆరుబయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కర్రలా కొయ్యబారిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. చూశారా, మన ఊరి పేరులో సూర్యుడున్నాడు, ఆ ఊరి పేరులో చలి ఉన్నది!

మూడు ఊళ్ళలోనూ పాత శిష్యులకు కబురు పెట్టాను. పదిహేను రోజులలో మా వరండా నిండిపోయింది. సూర్యాపేట పిల్లలు ఇంటింటికీ తిరిగి స్వెట్టర్లు, కోట్లు, శాలువలు తెచ్చారు. కోదాడవారు మంకీ టోపీలు పంపారు. మిర్యాలగూడనుంచి ఒక బియ్యం మిల్లు యజమాని కొత్త దుప్పట్లు పంపాడు.

అన్నిటికంటె నాకు విలువైనదిగా తోచినది ఒక నల్లని గొంగడి. దానిని మా ఊరి పక్క పల్లెనుంచి ఒక కురుమ పెద్దాయన స్వయంగా భుజాన వేసుకొని తెచ్చాడు. మన తెలంగాణ గొంగడి సంగతి మీకు తెలుసునా? దక్కనీ గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, ఇంట్లో ఆడవాళ్ళు దారం తీస్తారు. మగవాళ్ళు గుంటమగ్గంమీద నేస్తారు. చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు. గొర్రెల కాపరులు దానిని వానలో కొప్పెరగా కప్పుకొంటారు, రాత్రి పరుచుకొంటారు, చలిలో కప్పుకొంటారు. ఒకే బట్ట, మూడు కాలాలకూ పనికివస్తుంది!

"ఇప్పుడు గొంగడి నేసేటోళ్ళు తక్కువైన్రు సార్. ఇది మా నాయన నేసింది. ఆడ సలి బాగుంటదంట గద, తీస్కపోండ్రి," అన్నాడు ఆయన.

"నీకో మరి?" అన్నాను.

"నాకు మా ఇల్లుంది, పొయ్యి ఉంది," అన్నాడు.

డిసెంబరు చివరివారంలో ఏడుగురం బయలుదేరాము. కోదాడలో టోపీల మూట ఎక్కించుకొని, రామాపురం క్రాస్‌రోడ్డు దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించాము. విజయవాడలో కృష్ణ ఒడ్డున కాసేపు ఆగాము. సూర్యాపేట పక్కగా పారే మూసీ మిర్యాలగూడకు దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కనుక మా ఊరి నీళ్ళు మాకంటె ముందే అక్కడికి చేరి ఉన్నవన్నమాట! తరువాత ఏలూరు దాటాము, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటాము. తుని దగ్గర జాతీయ రహదారి విడిచి, నర్సీపట్నం చేరేసరికి రాత్రి పడింది. మర్నాడు చీకటితోనే కొండ ఎక్కసాగాము. మొత్తం నాలుగువందల యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

ఈ కొండదారిని గురించి మీకు ఒక మాట చెప్పాలి. నర్సీపట్నంనుంచి లంబసింగికి బాట వేయించిన బ్రిటిషువారి కాలపు అధికారి కొండవాళ్ళచేత చాలీచాలని కూలికి బలవంతాన పని చేయించాడు. అంతకుముందే అడవి చట్టాలు పెట్టి వారి పోడుసాగుకు అడ్డుపడ్డారు. ఈ బాధలనుంచే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటు లేచింది. ఆ సంవత్సరం ఆగస్టు 22వ తేదీన ఆయన దళం చింతపల్లి పోలీసుస్టేషనుమీద దాడిచేసి ఆయుధాలు పట్టుకొన్నది. 1924 మే 7వ తేదీన ఆయనను కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. లారీ మలుపులు తిరుగుతుంటే నాకు ఒకటే ఆలోచన. మనమేదో దానం చేయడానికి పోతున్నామని అనుకొంటున్నాము. ఈ పిల్లల తాతముత్తాతలు కడుపు మాడ్చుకొని రాళ్ళు మోయబట్టే గదా ఈ కొండలమీదికి బాట పడింది!

ఎక్కినకొద్దీ చలి పెరిగింది. మాతో వచ్చిన తొమ్మిదవ తరగతి కుర్రవాడు, "తాతయ్యా, కొండ ఎక్కితే సూర్యునికి దగ్గరవుతాము గదా! వేడి పెరగాలి గాని చలి ఎందుకు?" అని అడిగాడు. మంచి ప్రశ్న! మీరూ ఆలోచించండి.

సూర్యుడు మనకు సుమారు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. ఒక కిలోమీటరు దగ్గరయితే ఎంత, కాకపోతే ఎంత? అసలు సంగతి ఏమిటంటే, సూర్యకిరణాలు గాలిని నేరుగా అంతగా వేడిచేయవు. నేలను వేడిచేస్తాయి. నేల తనను అంటుకొని ఉన్న గాలిని వేడిచేస్తుంది. ఆ వేడిగాలి పైకి లేస్తుంది. పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. ఇట్లా వేయి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

"అయితే మా ఊళ్ళో పదిహేను డిగ్రీలున్నప్పుడు ఇక్కడ తొమ్మిదో పదో ఉండాలి. రెండు మూడుకు ఎందుకు దిగుతుంది?" అన్నాడు వాడు. లెక్క బాగా చేశాడు. దానికి ఇంకొక కారణం ఉన్నది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే దుప్పటి కప్పినట్టుగా కొంత వేడిని ఆపుతుంది, లేకపోతే ఆపేది లేదు. చల్లబడిన గాలి బరువెక్కి, కొండవాలు వెంట నీళ్ళవలె కిందికి జారి, కొండలమధ్య పల్లపునేలలో చెరువులాగా నిలుస్తుంది. గిన్నెలాగా ఉన్న ఆ పల్లంలోనే ఊళ్ళున్నవి. ఆ చలికి గాలిలోని ఆవిరి చిన్న చిన్న నీటిబొట్లయి తేలుతుంది. అదే పొగమంచు. ఎండ బాగా పైకెక్కినదాకా అది విడవదు.

ఎండ వచ్చిన తరువాత చూడాలి ఆ కొండల అందం! వాలులమీద పసుపురంగు వలిసె పూలు పరచినట్టు ఉంటాయి. పెద్దచెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు, మెరకపొలాలలో రాజ్‌మా చిక్కుళ్ళు, అల్లం, పసుపు. అక్కడ భగతలు, కొండదొరలు, కోందులు మొదలయిన తెగలవారు నివసిస్తారు. కొందరు ఇండ్లలో కువి మాట్లాడతారు, కొందరు ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. తెలుగు చాలామందికి వస్తుంది.

మేము వెళ్ళిన ఊరు లంబసింగికి అవతల ఉన్నది. రోడ్డు ఒకచోట అయిపోతే, మూటలు నెత్తిన పెట్టుకొని గంటన్నర నడిచాము. ఊరి పేరు మీకు చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

బడి అంటే ఒకే గది, ఒక వరండా. అరవైమంది పిల్లలు. వారికి ఒక యువ ఉపాధ్యాయుడు. మమ్మల్ని చూసి సంతోషంతో, "రండి మాస్టారూ!" అని ఎదురువచ్చాడు. మన వైపు సార్ అంటారు, అక్కడ మాస్టారు అంటారు. పిలుపు వేరయినా గౌరవం ఒకటే.

ఇక నా తప్పు చెబుతాను, వినండి. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పద్ధతి నేర్పినవాడిని, ఆరోజు పద్ధతి మరచిపోయాను. పిల్లలందరినీ వరండా ముందు మంచులో వరుసగా నిలబెట్టించాను. మూటలు విప్పి, చేతికి వచ్చింది వచ్చినట్టు ఒక్కొక్కరికి ఇవ్వసాగాము. మాలో ఒకరు ఫోనుతో ఫొటోలు తీస్తున్నారు. మూటలు కట్టేటప్పుడు ఎవరూ బట్టలు విప్పి చూడలేదు. కొన్నిటికి గుండీలు లేవు. కొన్నిటికి మోచేతుల దగ్గర చిరుగులు. ఒకదాని జేబులో ఎప్పటిదో బస్సు టిక్కెట్టు కూడా ఉన్నది!

నాలుగవ తరగతి చదివే ఒక అమ్మాయికి ఎవరో పెద్దమనిషి వేసుకొని వదిలేసిన కోటు వచ్చింది. వేసుకొంటే అది పాదాలదాకా వచ్చింది. చేతులు కనిపించనే లేదు. వెనుక ఉన్న పిల్లలు పకపక నవ్వారు. మాలో కూడా ఒకరిద్దరు నవ్వారు. ఆ అమ్మాయి ఏడవలేదు. కోటు మెల్లగా విప్పి, గుండీలున్నంతవరకు పెట్టి, నాలుగు మడతలు వేసి, తెచ్చి మూటమీద పెట్టి, చలిలో వెళ్ళి తన చోట మళ్ళీ నిలబడింది.

ఉపాధ్యాయుడు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మా పిల్లలకు చలి అలవాటే. నవ్వులపాలు కావడం అలవాటు లేదండి."

పిల్లలూ, నా జీవితంలో ఇన్‌స్పెక్టర్లు ఎందరో నా బడిని తనిఖీ చేశారు. ఒక్కరి మాటా నన్ను అంతగా తాకలేదు. ఫొటోలు ఆపించాను. పిల్లలను లోపల కూర్చోబెట్టి, దుప్పట్లుమాత్రం అందరికీ ఇప్పించాము. అవి కొత్తవి, అందరికీ సరిపోయేవి. తక్కిన మూటలు ఉపాధ్యాయునికి అప్పగించి, పనికివచ్చేవి ఏరి పెద్దలకు ఇవ్వమన్నాము. గొంగడి ఊరిలో అందరికంటె పెద్దదైన ఒక అవ్వకు ఇచ్చాము. ఆమె దానిని చేతితో తడిమి చూసి, "మంచి పనివాడు నేశాడు బాబూ," అన్నది. పనితనం తెలిసినవారికి ఏ ఊరి పని అయితేనేమి! ఆమె మమ్మల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడివేడి చోళ్ళ అంబలి పోసింది. మనం తైదలంటామే, అవే చోళ్ళు. ఆ అంబలి తాగుతుంటే చలి తగ్గింది గాని, సిగ్గు తగ్గలేదు.

ఆ రాత్రి ఉపాధ్యాయుని గదిలో పడుకొన్నాము. "మళ్ళీ వస్తే ఏం తేవాలి?" అని అడిగాను. "ముందు ఎవరికి ఏం కావాలో అడగాలండి," అన్నాడు. "కొలతలు పంపగలవా?" అన్నాను. "టేపు లేదు గాని, ఉపాయం ఉంది," అని నవ్వాడు.

2023 ఆగస్టులో మా ఇంటికి తపాలాలో ఒక పొట్లం వచ్చింది. విప్పితే నిండా పురికొస ముక్కలు! లెక్కపెడితే అరవైరెండు. ఒక్కొక్కదానికి ఒక చీటీ, చీటీమీద ఆ పిల్లవాడి చేతిరాతతోనే పేరు, తరగతి. ప్రతి పురికొసకూ మధ్యలో ఒక ముడి. ఉత్తరంలో ఉపాధ్యాయుడు వివరం రాశాడు. మొదటినుంచి ముడిదాకా ఛాతీ చుట్టుకొలత, ముడినుంచి చివరిదాకా చెయ్యి పొడవు. లెక్కల తరగతిలో పిల్లలే ఒకరినొకరు కొలిచారట. చూశారా ఉపాయం! టేపులేని చోట కొలత ఆగిపోలేదు.

సూర్యాపేటలో మా వీధి పిల్లలు ఆ పురికొసలను నేలమీద పొడవు ప్రకారం వరుసగా పేర్చారు. ఒక దర్జీ వాటిని అంగుళాలలోకి మార్చి పట్టిక రాసి ఇచ్చాడు. "పిల్లలు డిసెంబరుకు పెరుగుతారు. రెండేసి వేళ్ళు ఎక్కువ పెట్టండి," అని కూడా చెప్పాడు. ఆ మాట నాకు తట్టనే లేదు!

పేర్చేటప్పుడు ఒక పాప, "తాతయ్యా, ఈ పురికొసకు రెండు ముళ్ళున్నవి," అన్నది. చూస్తే, ఒక పురికొస కొసకు ఇంకొక చిన్న పురికొస ముక్క గట్టిగా కట్టి ఉన్నది. దానికీ చిన్న ముడి ఉన్నది. చీటీమీద పేరు చూస్తే, నిరుడు కోటు మడిచిపెట్టిన అమ్మాయిది! చీటీ వెనుక చిన్న అక్షరాలతో, 'ఇది మా తమ్ముడిది. వాడు ఇంకా బడికి రాడు' అని ఉన్నది. తనకోసం ఏమీ అడగని పిల్ల తమ్ముడికోసం అడిగింది. అదైనా నోరు తెరిచి అడగలేదు, ముడి వేసి అడిగింది. మేము అరవైమూడు అని రాసుకొన్నాము.

ఈసారి పాతబట్టలు ఒక్కటీ తీసుకోలేదు. మూడు ఊళ్ళ పిల్లలూ, పెద్దలూ తలా కొంత వేసుకొన్నారు. కొలతల ప్రకారం స్వెట్టర్లు కొన్నాము. సరిపడనివాటిని కోదాడలో ఒక కుట్టుపని చేసే అమ్మ కూలి తీసుకోకుండా సరిచేసింది. మిర్యాలగూడలో కొందరు అమ్మలు, అమ్మమ్మలు ఉన్నితో టోపీలు అల్లారు. ప్రతి స్వెట్టరులోపలా ఒక పలుచని బనియను పెట్టాము.

బనియను ఎందుకంటారా? చలినుంచి మనలను కాపాడేది నిజానికి బట్ట కాదు, గాలి! నిలిచిన గాలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. ఉన్నిపోగు తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల సందులలో గాలి చిక్కుకొని కదలకుండా ఉంటుంది. మన ఒంటివేడిని అదే కాపాడుతుంది. కనుకనే ఒక మందపాటి బట్టకంటె రెండు పలుచని బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకొంటే మేలు. రెంటిమధ్య మరొక గాలిపొర ఏర్పడుతుంది. ఉన్ని తన బరువులో మూడవవంతుదాకా తేమను పీల్చుకొని కూడా తడిసినట్టు తోచదు. నూలుబట్ట మంచులో తడిస్తే ఒంటికి అంటుకొని చలిని పెంచుతుంది. పెద్దవారికంటె చిన్నపిల్లలకు చలి త్వరగా తగులుతుంది. చిన్న గిన్నెలో పాలు పెద్ద గిన్నెలో పాలకంటె ముందు చల్లారుతాయి, చూడలేదూ? ఇదీ అంతే.

2023 డిసెంబరు చివర మళ్ళీ కొండ ఎక్కాము. ఈసారి వరుసలు లేవు, ఫొటోలు లేవు. ప్రతి పిల్లవాడి బట్టలూ ఒక పొట్లంగా చుట్టి, ఆ పిల్లవాడు పంపిన పురికొసతోనే కట్టాము. ఉపాధ్యాయుడు హాజరు పిలిచినట్టు పేర్లు పిలిచాడు. మేము వెనుక బెంచీమీద కూర్చున్నాము. పిల్లలు తమ పురికొసను చూసి గుర్తుపట్టి, "నాదే! నాదే!" అని ఎగిరి గంతులు వేశారు. ఆ గదిలో ఒక్క స్వెట్టరూ మరీ పెద్దది కాలేదు. ఒక కుర్రవాడికి మాత్రం బిగుతయింది. వాడు నాలుగు నెలల్లో రెండు వేళ్ళకు మించి పెరిగాడు! అందుకని కాస్త పెద్దవి మూడు అదనంగా తెచ్చి ఉంచాము. వాడికి ఒకటి సరిపోయింది.

ఆ అమ్మాయి ఇప్పుడు అయిదవ తరగతి. తన పొట్లం తీసుకొని, అందులో ఉన్న చిన్న స్వెట్టరును ముందు బయటికి తీసి చూసింది. తరువాతనే తనది వేసుకొన్నది. నిరుడు నన్ను చూసినదో లేదో నాకు తెలియదు గాని, ఈసారి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మీ ఊరి పేరులో సూర్యుడున్నాడట గదా?" అని అడిగింది.

"అవునమ్మా."

"అయితే అక్కడ ఎండ ఎక్కువా?"

"చాలా ఎక్కువ. వేసవిలో రోడ్డుమీద తారు మెత్తబడుతుంది."

"మరి మీ ఊళ్ళో పిల్లలు ఎండలో బడికి ఎట్లా వెళతారు?" అన్నది, ముఖం చిన్నది చేసుకొని.

నాకు వెంటనే జవాబు తోచలేదు. మేము వీళ్ళ చలిని గురించి ఆలోచించామే గాని, వీళ్ళు మా ఎండను గురించి ఆలోచిస్తారని నేనెన్నడూ అనుకోలేదు. 

మర్నాడు మేము దిగిపోయేటప్పుడు ఊరివాళ్ళు రాజ్‌మా గింజలు, పసుపుకొమ్ములు మూట కట్టి ఇచ్చారు. వద్దంటే ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ఆయన చేతిలో ఒక గిడుగు ఉన్నది. గిడుగంటే వెదురుబద్దలతో, ఆకులతో అల్లిన పెద్ద టోపీవంటి గొడుగు. తలమీద పెట్టుకొంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పొలంలో వంగి పనిచేసేవారు వానకు పెట్టుకొంటారు.

"వానకేగాని ఎండకు కూడా ఆగుతుందండి. మా అమ్మాయి పట్టుబట్టి అల్లించింది," అన్నాడు ఆయన.

ఆ గిడుగు నా తలకు చక్కగా సరిపోయింది. నాకు తెలియకుండా నా తల ఎప్పుడు కొలిచిందో మరి! అడిగితే నవ్వి వాళ్ళ నాన్న వెనుక దాక్కొన్నది.

పిల్లలూ, ఆ ఊరి పేరు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందా? ఈ పత్రిక ఆ బడికి కూడా వెళ్ళవచ్చు. ఆ అమ్మాయి ఈ పేజీ చదివితే, ఆ కోటు సంగతి ఆమెకూ, నాకూ మాత్రమే తెలియాలని నా కోరిక. 

మీరు కూడా ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనుకొంటే మూడు పనులు చేయండి. ముందు అడగండి. తరువాత కొలవండి. ఇచ్చేటప్పుడు, అది మీకే ఎవరైనా ఇస్తే సంతోషంగా వేసుకొంటారా అని ఒక్కసారి చూసుకోండి. గుండీ ఊడి ఉంటే కుట్టి ఇవ్వండి, జేబులు వెతికి ఇవ్వండి.

వేసవిలో సూర్యాపేట వస్తే మా వీధికి రండి. నడివేసవి మధ్యాహ్నం, తలమీద ఆకుల గిడుగు పెట్టుకొని కూరగాయలకు పోయే ముసలాయన ఎవరని అడగండి. ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు.